ఈతకొలనుకు ఏడో నిబంధన

మే 21, 1951, సోమవారం

ఈ నోట్‌బుక్కు నా ఇష్టంతో వచ్చింది కాదు. డాక్టర్ స్ట్రౌడ్ రాసిచ్చిన మందుల చీటీలో మూడో మందు ఇది. మొదటిది గుండెకు మాత్రలు, రెండోది మధ్యాహ్నం నిద్ర. నలభై రెండేళ్ళ వాడిని, యుద్ధంలో రెండేళ్ళు ఇటలీ బురదలో నిలబడి సైనికులకు ఆపరేషన్లు చేసి కుట్లు వేసినవాడిని, పోయిన గురువారం స్కూలు బోర్డు మీటింగులో మాట మధ్యలో కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. ఆ మాట ఇప్పటికీ పూర్తి కాలేదు. అదొక్కటే బాధ.

స్ట్రౌడ్‌కు డెబ్బై ఒకటి. ఊరి ఆరోగ్య అధికారి. మా శాన్ తెల్మో ఊళ్ళో రైలు పట్టాలకు అవతల ఉండే తెల్లవాళ్ళందరికీ ఆయనే డాక్టరు, ఇవతల ఉండే మెక్సికన్లందరికీ నేను. అయినా తొమ్మిదేళ్ళుగా స్నేహితులం. మూడు నెలలు మీటింగులు వద్దన్నాడు. పత్రికలకు ఉత్తరాలు వద్దన్నాడు. కోపం వస్తే మనుషుల మీద కాకుండా కాగితం మీద పెట్టమన్నాడు. నా భార్య ఒతీలియా ఆ సాయంత్రమే వెళ్ళి ఈ నోట్‌బుక్కు కొనుక్కొచ్చింది. రెండు వందల పేజీలది. ఆవిడకు నా మీద ఉన్న నమ్మకం అంతటిది.

మే 22

ఈ రోజు కోపం రాలేదు.

మే 23

ఈ రోజు కూడా రాలేదు. పోస్ట్‌మ్యాన్‌తో జరిగింది లెక్కలోకి రాదు.

మే 29, మంగళవారం

రెఫూహియా ఓల్వేరా కూతురు నియెవెస్. తొమ్మిదేళ్ళు. పత్తి లారీలో నా క్లినిక్‌కి తీసుకొచ్చారు. పిల్లలంతా పెద్ద కాలువలో దిగారట, ఎండ నూట రెండు డిగ్రీలు. ఊపిరి తెప్పించాలని నలభై నిమిషాలు చూశాను. చివరికి క్లినిక్‌లో నాకు సాయంగా ఉండే కాసిల్దా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

జడలో నాచు ఉంది. కాసిల్దా దువ్వి తీసింది.

ఇంకేమీ రాయను.

జూన్ 1, శుక్రవారం

ఖననం పొద్దున అయిపోయింది. మధ్యాహ్నం రెఫూహియా క్లినిక్‌కి వచ్చింది. భర్త పోయాక కూరగాయలు డబ్బాల్లో నింపే షెడ్డులో పని చేసి నలుగురు ఆడపిల్లల్ని పెంచుతోంది. ఇప్పుడు ముగ్గురు. లారీ వాడికి కృతజ్ఞత చెప్పాలని, అతని పేరు కనుక్కుందామని వచ్చిందట.

నేను ఊరుకోలేదు. వాళ్ళ ఇంటికి మూడు వీధుల అవతల పురపాలక ఈతకొలను ఉందని, ఆరేళ్ళుగా మన పిల్లల్లో ఒక్కరు కూడా అందులో దిగలేదని, గేటు దగ్గర బోర్డేమీ ఉండదు కానీ మన పిల్లలు వెళ్ళిన ప్రతిసారీ "ఇవాళ నిండిపోయింది" అంటారని, దీని మీద కోర్టుకు వెళదామని, ఆస్టిన్‌లో నాకు తెలిసిన వకీలు ఉన్నాడని చెబుతూ పోయాను. ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"డాక్టర్ గారూ, నాకింకా ముగ్గురున్నారు. మీ కేసు తేలేలోపు వాళ్ళకి ఈత ఎక్కడ నేర్పించను?"

కాసిల్దా పక్కగదిలోంచి దగ్గింది. అది దగ్గు కాదు.

జూన్ 2

ఎల్లుండి ప్రూయిట్ దుకాణానికి వెళతాను. ఊరికే చూసి వస్తాను. చూడటం కోపం కాదు.

జూన్ 4, సోమవారం

హార్లన్ ప్రూయిట్ ఇనప సామాన్ల దుకాణదారు, ఈతకొలను కమిటీ అధ్యక్షుడు. నన్ను చూడగానే నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. తలుపు బందులు చూపించమన్నాను. చూస్తూ చూస్తూ కొలను సంగతి ఎత్తాను.

ఎవరినీ ఎవరూ ఆపడం లేదన్నాడు. పోలియో భయం వల్ల మాత్రం కొత్తగా ఏడో నిబంధన పెట్టారట. అచ్చు వేయించిన కాగితం చేతికిచ్చాడు. ఈతకు వచ్చే ప్రతి ఒక్కరూ లైసెన్సు ఉన్న డాక్టరు దగ్గరి నుంచి ఆరోగ్య పత్రం తేవాలి. పైకి ఆరోగ్యంగా కనబడే పిల్లల్ని చూసి పోలియో ఉందో లేదో ఏ డాక్టరైనా ఎలా చెబుతాడని నేను అడగలేదు. లైసెన్సు ఉన్న ఏ డాక్టరైనా సరేనా అని మాత్రం అడిగాను.

"ఎవరైనా సరే" అన్నాడు. అన్న తరువాత నా వైపు చూశాడు. నవ్వుకు ముడత పడింది.

కృతజ్ఞతతో నాలుగు బందులు కొన్నాను. మా ఇంట్లో ఒక్క తలుపూ ఊడి లేదని ఒతీలియా అంటోంది.

జూన్ 9, శనివారం

నూట నలభై మూడు మంది పిల్లలు.

పొద్దున ఆరింటికే క్లినిక్ ముందు బారు. కాసిల్దా ఉండబట్టి సరిపోయింది. మంత్రసానిగా పట్టాలకు ఇవతలి జనాభాలో సగాన్ని ఆవిడే ఈ లోకంలోకి లాగింది, నన్ను కూడా. అందుకని నర్సులా తెల్లబట్టలు వేసుకున్నా నన్ను డాక్టరు అని పిలవదు. ఆవిడ చేతిలో సన్నపళ్ళ దువ్వెన, పక్కన కిరసనాయిలు బకెట్టు. ప్రతి తలా ఆవిడ్ని దాటాకే నా దగ్గరికి. ఒక పిల్లవాడి చెవుల్లో మట్టి చూసి అందులో బీన్స్ వెయ్యొచ్చంది.

నేను కుర్చీలోంచి లేవలేదు. స్ట్రౌడ్ చెప్పిన విశ్రాంతి అంటే ఇదే అనుకుంటాను.

పత్రాలు ఒకేలా రాస్తే విసుగు వచ్చింది. ఎనభైవది దాటాక కొంచెం వివరంగా రాశాను. "ఈ బాలికకు ఇరవై మూడు పళ్ళున్నవి, అన్నీ స్నేహశీలమైనవే." "ఈ బాలుడి గుండె తాళం తప్పకుండా కొట్టుకొనుచున్నది, గణితం గూర్చి మాత్రం హామీ ఇవ్వలేను." ప్రభుత్వ కాగితం మీద అలా రాయవచ్చా అని ఒతీలియా అడిగింది. నిజమే రాశానన్నాను. వినలేదు, కానీ నూట పదోది చదివి వంటింట్లోకి వెళ్ళి నవ్వింది. నాకు వినిపించింది.

జూన్ 10, ఆదివారం

ప్రార్థన అయ్యాక అందరం కొలను గేటు దగ్గరికి. నేను ఎదురుగా చెట్టు నీడలో కారులోనే కూర్చున్నాను. గేటు దగ్గర మిస్ ఓపల్ టటిల్. ముప్పై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి, పదవీ విరమణ చేశాక ఇక్కడ టిక్కెట్లు చింపి, ఈత నేర్పే పనిలో చేరింది. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు స్పానిష్ మాట్లాడానని నా వేళ్ళ మీద స్కేలుతో కొట్టింది ఈవిడే.

ఆవిడ ఒక్కో పత్రాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది. చదవడమే కాదు, పెన్సిలు తీసి నా ఇంగ్లీషు దిద్దింది. పిల్లలు ఎండలో తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని నిలబడ్డారు. ఆరు గంటలకు కొలను మూసేసరికి ముప్పై ఎనిమిదో పత్రంలో ఉంది. ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. రెఫూహియా ముగ్గురు కూతుళ్ళూ నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు.

నా కారు దగ్గరికి వచ్చి దిద్దిన కాగితాల కట్ట ఇచ్చింది మిస్ ఓపల్. "'స్నేహశీలమైన' పళ్ళనరు, సిప్రియానో" అంది. అంతే. వెళ్ళబోయి నా కారు తలుపు పట్టుకుని ఆగింది. ఎండకేమో.

జూన్ 11

కమిటీ ఏడో నిబంధన సవరించింది. లైసెన్సు ఉన్న డాక్టరు సరిపోడు. ఊరి ఆరోగ్య అధికారి సంతకం కావాలి.

అంటే స్ట్రౌడ్. ఇంకేం, బతికిపోయాం. రేపే వెళతాను.

జూన్ 12, మంగళవారం

చొక్కా విప్పి ఆయన బల్ల మీద కూర్చున్నాను. గుండె వింటున్నంతసేపూ మనం మాట్లాడకూడదు, అది ఆయనకు అనుకూలం. స్టెతస్కోపు తియ్యగానే అడిగాను. సంతకాలు పెట్టడానికి ఎప్పుడు వీలవుతుందని.

ఆయన స్టెతస్కోపు గొట్టాన్ని చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. శనివారాలు చేపలు పట్టడానికి వెళతానన్నాడు. ఆదివారం ప్రార్థన. మిగతా రోజులు రోగులు. అప్పుడు అర్థమైంది. ఆ సవరణ ఎవరో రాసి ఆయనకు చూపించలేదు. ఆయన్ని అడిగే రాశారు.

"ప్రూయిట్ అడిగాడు, సరే అన్నాను" అన్నాడు స్ట్రౌడ్. "నేను రోగుల్ని చూసేవాణ్ణి, సిప్రియానో. ఆ గొడవలన్నీ నీవి. నన్ను ఇందులోకి లాగొద్దు."

"నేను లాగలేదండీ. మీరే దిగారు."

ఆయన నా నాడి పట్టుకున్నాడు. నూట పద్దెనిమిది. నోట్‌బుక్కులో రాసుకోమన్నాడు.

రాశాను.

జూన్ 13

స్ట్రౌడ్. స్ట్రౌడ్. స్ట్రౌడ్.

జూన్ 15, శుక్రవారం

నాకొక ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు ఒతీలియా కూడా అక్కడే ఉంది.

వంటింట్లో తోర్తియా రొట్టెలు కాలుస్తూ ఏడో నిబంధన కాగితాన్ని పిండి డబ్బాకు ఆనించి చదువుతోంది. పెళ్ళికి ముందు బడిపంతులమ్మ, కనిపించిన కాగితమల్లా చదువుతుంది. చదివి, పెనం మీది తోర్తియాను తిప్పి, అడిగింది.

"ఇందులో మన పేరెక్కడుంది?"

ఎక్కడా లేదన్నాను. కోర్టుకు దొరక్కుండా 'ప్రతి ఒక్కరూ' అని రాశారు, తెలివైనవాళ్ళు.

"మరి వాళ్ళ పిల్లల్లో ఎంతమందికి కాగితాలున్నాయి?"

అప్పుడే వచ్చింది నాకు ఆలోచన.

ఊళ్ళో ఇంగ్లీషు వారపత్రిక రేపు వస్తుంది. ప్రజారోగ్య ప్రకటన ఒకటి ఇచ్చాను. రాసింది నేనే, ఒతీలియా చివరి వాక్యం మాత్రం మార్చింది, మొదటి వాక్యమూ, మధ్యలో కొన్నీ. పోలియో కాలం కనుక ఏడో నిబంధనను అందరూ పాటించవలెను, మీ బిడ్డ పక్కన ఈదుతున్న బిడ్డకు ఆరోగ్య అధికారి సంతకం చేసిన పత్రం ఉన్నదో లేదో తల్లులు స్వయంగా చూసుకొనవలెను, అని. కింద నా పేరు, సైనిక వైద్య దళంలో మేజరు హోదా. ఇది ఉత్తరం కాదు, ప్రకటన. స్ట్రౌడ్ ఉత్తరాలు వద్దన్నాడు.

జూన్ 18, సోమవారం

కాసిల్దా మేనకోడలు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పని చేస్తుంది. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా స్ట్రౌడ్ ఇంటికి అరవై ఒక్క ఫోన్లు కలిపిందట. ఎవరేం మాట్లాడారో వినలేదట. మొత్తం చెప్పింది.

ఆదివారమే మొదలైంది. తెల్ల తల్లులు గేటు దగ్గర మిస్ ఓపల్‌ని చుట్టుముట్టి మిగతా పిల్లల పత్రాలు చూపించమన్నారట. ఆవిడ పెట్టె తెరిచి చూపించింది. ఖాళీ. ఒకావిడ ఉన్నపళాన కొడుకుని నీళ్ళలోంచి చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆవిడ వెనక ఇంకొకావిడ. గంటలో కొలనులో నీళ్ళు తప్ప ఏమీ మిగల్లేదట.

ఈ రోజు స్ట్రౌడ్ వసారా నుంచి రోడ్డు మలుపు దాకా బారు. ప్రూయిట్ భార్య కవల పిల్లలతో సహా. తొమ్మిదింటికి రెఫూహియా తన ముగ్గురినీ తీసుకుని వెళ్ళి అదే బారులో నిలబడింది. ఆవిడ వెనక మన తల్లులంతా. నూట నలభై మూడు మంది పిల్లలు. డాక్టరు వసారాకు ఏ నిబంధనా లేదు కదా. కాసిల్దా మధ్య మధ్య నడుస్తూ బారు వంకర పోకుండా చూసింది. ఏ భాషలో గద్దించిందో తెలియదు, తెల్ల పిల్లలు కూడా సర్దుకున్నారట.

నేను వెళ్ళలేదు. స్ట్రౌడ్ ఇంటి ఎదురుగా ఉండే పోస్టాఫీసులో మాత్రం పని పడింది. స్టాంపులు కావాలి. ఒక్కొక్కటే కొన్నాను. తొమ్మిది సార్లు.

జూన్ 20, బుధవారం

మూడు రోజులు పట్టింది స్ట్రౌడ్‌కి. ఒక్కరినీ వదల్లేదట, నాలుక, చర్మం, తల, అన్నీ. ముసలాయన గురించి ఏమైనా అనొచ్చు, కానీ చూసింది ఒకటి రాసేది ఒకటి కాదు. కమిటీకి జాబితా ఇచ్చాడు. తామర పదకొండు మందికి, పేలు పద్నాలుగు మందికి. మనవాళ్ళు ఇద్దరే. కాసిల్దా బకెట్టు ముందే పని చేసింది మరి. తామర ఉన్నవాళ్ళలో ఇద్దరు కవలలట. ఎవరి కవలలో నేను రాయను. రోగుల రహస్యం.

ఈ రాత గుండెకు చాలా మంచి చేస్తోంది.

జూన్ 21, గురువారం

మన పిల్లల చేతుల్లో స్ట్రౌడ్ సంతకాలున్న పత్రాలు పడ్డ మర్నాడే కొలను ఖాళీ చేశారు. మరమ్మతులట. వేసవి అంతా.

జూన్ 22

నొప్పి. ఎడమ చెయ్యి. ఒతీలియా రాయొద్దంటోంది.

జూన్ 24, ఆదివారం

నిన్న కూర్చోగలిగాను. రాయాల్సింది శుక్రవారం సంగతి.

ఒతీలియా ఫోన్ చేసిన పది నిమిషాల్లో స్ట్రౌడ్ వచ్చాడు. ఇంజెక్షను ఇచ్చాడు. నొప్పి తగ్గాక వెళ్ళిపోతాడనుకున్నాను. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద. మా ఇంట్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి, తొమ్మిదేళ్ళలో. అది నాకు అప్పుడే తోచింది. ఆయనకూ తోచినట్టుంది, గోడల వైపు చూస్తున్నాడు.

ఓల్వేరా పాప మరణ పత్రం మీద సంతకం తనదేనన్నాడు. కారణం అన్న గడిలో 'నీట మునక, ప్రమాదం' అని రాశాడట. అప్పుడు సరిపోయిందనిపించిందట. మొన్న బారులో ఆ తల్లి మిగతా ముగ్గురినీ తీసుకొచ్చి, నోళ్ళు తెరవమని ఒక్కొక్కరికీ చెప్పి నిలబెట్టినప్పుడు మాత్రం, ఆ గడి చిన్నదైపోయిందనిపించిందట.

నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. వారం రోజులుగా తయారు చేసుకున్నవి. మందు మత్తు వల్ల ఒక్కటీ రాలేదు. దేవుడి దయ.

కమిటీతో మాట్లాడతానన్నాడు. కాలువలో ఇంకో పిల్ల పోతే ఆరోగ్య అధికారిగా తాను ఏం రాయాలో వాళ్ళే చెప్పాలని అడుగుతాడట. దానికి వాళ్ళు బెదురుతారా అన్నాను. ఆయన కోటు జేబు తట్టాడు. తామర జాబితా పేర్లతో సహా ఆ జేబులో ఉందన్నాడు.

అది వైద్య ధర్మానికి విరుద్ధం కదండీ అన్నాను.

"చూపిస్తే విరుద్ధం" అన్నాడు స్ట్రౌడ్. "జేబులో పెట్టుకు తిరిగితే ఏమీ కాదు."

ఇన్నేళ్ళూ ఈ మనిషిని నేను సరిగ్గా పరీక్ష చేయలేదు.

జూన్ 30, శనివారం

ఎనిమిది రోజులుగా నూట నాలుగు డిగ్రీలు. పట్టాలకు అవతల తల్లులు పిచ్చెక్కిపోతున్నారని కాసిల్దా మేనకోడలు ఏమీ వినకుండానే చెప్పింది. నిన్న సాయంత్రం కమిటీ మీటింగు. నన్ను వెళ్ళనివ్వలేదు. నా బూట్లు ఒతీలియా దాచేసింది. తను వెళ్ళింది, రెఫూహియాతో. వచ్చాక నాకు అన్నం పెడుతూ చెప్పింది, నేను అడిగిన కొద్దీ నెమ్మదిగా.

స్ట్రౌడ్ మాట్లాడినంతసేపూ ఎడమ చెయ్యి కోటు జేబు మీదే ఉందట. ప్రూయిట్ ఆ చేతినే చూశాడట, మొహం కేసి ఒక్కసారీ చూడలేదు. తరువాత రెఫూహియాని మాట్లాడమన్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు కనుక ఒతీలియా తర్జుమా చేయాలి. రెఫూహియా లేచి, తన కూతురు పేరు చెప్పి, వయసు చెప్పి, కూర్చుంది. ఒతీలియా లేచి ఐదు నిమిషాలు తర్జుమా చేసింది.

ఐదు నిమిషాలా అన్నాను.

"ఆమె చాలా చెప్పింది" అంది ఒతీలియా. "నీకు స్పానిష్ అర్థం కాదులే."

నాలుగు ఓట్లు, మూడు ఓట్లు. నాలుగు మనవి. ఏడో నిబంధన కొట్టేశారు. వచ్చే శనివారం నుంచి కొలను తెరుస్తారు, ఎవరికైనా. నాలుగో ఓటు ఎవరిదో ఎవరూ చెప్పరు. కవలలకు మందు రాసి ఇచ్చింది స్ట్రౌడే కనుక ఆయన్ని అడిగితే తెలుస్తుంది. అడగను.

నేను లేకుండానే అంతా జరిగిందని ఎవరైనా అనుకోవచ్చు. ప్రణాళిక నాదే.

జూలై 7, శనివారం

పన్నెండు పేజీల ఉపన్యాసం రాసుకుని వెళ్ళాను. గేటు దగ్గర నిలబడి మొదటి పేజీ తీశాను. అప్పటికి పిల్లలు నన్ను దాటి పోయారు. నూట నలభై మూడు జతల కాళ్ళు, తడి గచ్చు మీద. ఒకడు జారి కింద పడ్డ నా రెండో పేజీ మీద అడుగు వేసి వెళ్ళాడు. మిస్ ఓపల్ టిక్కెట్లు చింపుతూ ఒక్కరి కాగితమూ అడగలేదు.

మనవాళ్ళు దిగగానే తెల్లవాళ్ళలో సగం మంది పైకెక్కి బట్టలు మార్చుకుని వెళ్ళిపోయారు. అది రాయకపోతే అబద్ధమవుతుంది. తువ్వాళ్ళు అంచులు కలిపి మరీ మడిచారు. పిల్లలు కొందరు ఏడ్చారు. మూడు గంటలకు ఎండ నూట ఐదు. నాలుగింటికి వాళ్ళలో కొంతమంది తిరిగొచ్చారు. అందరూ కాదు. ప్రూయిట్ భార్య వచ్చింది, కవలల్ని గొడుగు కింద కూర్చోబెట్టింది. మందు ఆరేదాకా దిగకూడదు కదా.

స్ట్రౌడ్ గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను చొక్కా గుండీ మీద చెయ్యి వెయ్యగానే ఆరోగ్య అధికారిగా చెబుతున్నానని, ఈ గుండెతో నీళ్ళలో దిగడం నిషేధమని అన్నాడు. పక్కనున్న కాసిల్దాకి అది తర్జుమా చేయాల్సి వచ్చింది నాకే. మొత్తం ఊళ్ళో ఇప్పుడు కొలనులోకి రానివ్వనిది నన్నొక్కడినే అంది ముసలిది. ఈ వేసవంతా ఆవిడ నోటి వెంట విన్న మాటల్లో ఆవిడకు అన్నిటికన్నా సంతోషమిచ్చింది ఇదే.

ఐదింటికి ఎండ వంగాక రెఫూహియా వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా, పని గౌనుతోనే. ముగ్గురు కూతుళ్ళూ అప్పటికే నీళ్ళలో, మిస్ ఓపల్ చుట్టూ, నీళ్ళ మీద తేలే చెక్కపలకలు పట్టుకుని కాళ్ళు కొడుతూ. కాసేపు చూసింది. చూసి, చెప్పులు విడిచి, గౌనుతోనే మెట్ల మీంచి దిగింది. ముప్పై ఎనిమిదేళ్ళు. బట్టల తొట్టికన్నా లోతు నీళ్ళలో ఎన్నడూ దిగి ఉండదు. నడుము దాకా వచ్చాక గట్టు పట్టుకుంది, రెండు చేతులతో. గౌను నీళ్ళ మీద బుడగలా లేచింది. నవ్వబోయి ఎవరూ నవ్వలేదు.

మిస్ ఓపల్ ఆమె పక్కకు వెళ్ళి వీపు కింద చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. రెఫూహియాకి అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పింది. రెఫూహియా తల తిప్పి నా వైపు చూసింది, చెప్పమన్నట్టు.

గట్టు వదిలెయ్యమంటోంది అని చెప్పాను. స్పానిష్‌లోనే. మిస్ ఓపల్ ఈసారి నన్ను ఏమీ అనలేదు.

రెఫూహియా కదల్లేదు. ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. ఎంతసేపు గడిచిందో. నేను నాడి లెక్కపెట్టడం అలవాటైన మనిషిని, అయినా లెక్క పెట్టలేదు.

"మీరు అలా చూడకండి, డాక్టర్ గారూ" అంది చివరికి. "అటు తిరగండి."

తిరిగాను. స్ట్రౌడ్ కూడా కుర్చీ తిప్పుకున్నాడు. ఇద్దరం కంచె వైపు చూస్తూ కూర్చున్నాం, గోడ వైపు తిప్పి కూర్చోబెట్టిన బడిపిల్లల్లాగా. వెనక నీళ్ళ చప్పుడు. మిస్ ఓపల్ గొంతు, తరువాత అదీ లేదు. కూతుళ్ళు కాళ్ళు కొట్టడం ఆపేశారు.

"ఇక తిరగండి" అంది రెఫూహియా.

నేను తిరిగేసరికి గట్టుకూ ఆమెకూ మధ్య నీళ్ళున్నాయి.